కొండకు సాక్షి ఆకాశం

కొండను ఫొటో తీయబోయే మనిషి చూపు సహజంగా కొండ మీదే నిలుస్తుంది. శిఖరం పూర్తిగా వచ్చిందా, కొమ్మలేమైనా అడ్డుపడుతున్నాయా, ముందు నిలబడిన పిల్లల ముఖాలు కనిపిస్తున్నాయా అన్నదే అతని ధ్యాస. పైనున్న ఆకాశం గురించి ఆలోచించేవారు తక్కువ. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే, కళ్లెదుట అంత గంభీరంగా నిలిచిన కొండ ఫొటోలో మట్టిదిబ్బలా ఉంటుంది. దాని మీది ఆకాశం ఉతికి ఆరేసిన తెల్లగుడ్డలా ఉంటుంది. కెమెరా మంచిది కాదేమోనని సరిపెట్టుకుంటాం. లోపం చాలాసార్లు కెమెరాది కాదు. చిత్రంలో సగభాగాన్ని మనం చూడనే లేదు.

కొండ కదలదు. దాని మీద మారేదంతా ఆకాశం వల్లనే మారుతుంది. ఒకే చోటు నుంచి ఒకే కొండను వందమంది వంద రోజులు ఫొటో తీస్తే, ఆ వంద చిత్రాల మధ్య తేడా చాలావరకు వెలుగుదీ, మబ్బుదీ, మంచుతెరదీ అవుతుంది. పర్వత చిత్రంలో కొండ ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది ఆకాశం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే పర్వత ఛాయాచిత్రణలో ఆకాశానికి ఉన్న స్థానమూ, దాని విషయంలో పాటించవలసిన నిజాయితీ కూడా తేటపడతాయి.

దీన్ని పరిశీలించడానికి ఒకే కొండను ఎంచుకుందాం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, సియెరా నెవాడా పర్వతశ్రేణిలో యోసెమిటీ అనే లోయ ఉంది. ఆ లోయ తూర్పు కొసన, నేల నుంచి 4,700 అడుగులకు పైగా లేచిన ఒక గ్రానైటు శిఖరం ఉంది. ఒక పక్క నున్నటి గుమ్మటం, మరో పక్క కత్తితో నిలువునా కోసినట్లున్న గోడ. అందుకే దానికి హాఫ్ డోమ్, అంటే సగం గుమ్మటం, అని పేరు వచ్చింది. నూటయాభై ఏళ్లకు పైగా ఎందరో ఛాయాగ్రాహకులు దాన్ని చిత్రించారు. రాయి అదే. ఆకాశాన్ని మాత్రం ఒక్కొక్కరు ఒక్కో విధంగా చూపించారు.

వెలితి ఆకాశం

1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఛాయాగ్రాహకుడు కంచరగాడిదల మీద సామగ్రి వేసుకుని యోసెమిటీ లోయలోకి ప్రవేశించాడు. చిన్న చిత్రాన్ని సులువుగా పెద్దది చేసుకునే సౌకర్యం లేని రోజులవి. ఫొటో ఎంత పెద్దదిగా కావాలంటే గాజు ప్లేటూ అంత పెద్దదిగా ఉండాలి. వాట్కిన్స్ ప్లేట్లు 18 అంగుళాల ఎత్తు, 22 అంగుళాల వెడల్పు ఉండేవి. ప్లేటుకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి లవణాల ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, తడి ఆరకముందే కడగాలి. అంటే కొండల్లోనే గుడారం వేసి చీకటి గది ఏర్పాటు చేసుకోవాలి.

అంత శ్రమ పడి తీసిన ఆ చిత్రాల్లో కొండ రాళ్ల పగుళ్లు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంటాయి. ఆకాశం మాత్రం సాధారణంగా ఏమీ రాయని కాగితంలా ఉంటుంది. అందుకు కారణం ఆ రసాయనమే. తడి కొలోడియన్ నీలికాంతికి చాలా త్వరగా స్పందిస్తుంది, ఎరుపు పసుపు రంగులను దాదాపు చూడలేదు. చెట్లకూ రాళ్లకూ సరిపడా వెలుగు అందేలోగా నీలాకాశం నుంచి వచ్చిన వెలుగు ప్లేటును నింపేస్తుంది. ముద్రించినప్పుడు నీలమూ తెల్లగానే వస్తుంది, తెల్లమబ్బూ తెల్లగానే వస్తుంది. రెండింటికీ తేడా ఉండదు.

వాట్కిన్స్ ఆ వెలితితోనే పని చేశాడు. తెల్లని నేపథ్యం మీద శిఖరపు అంచు గీత గీసినట్లు కనపడేలా కెమెరాను నిలిపాడు. ఆ చిత్రాలు తూర్పు తీరంలోని పెద్దల చేతికీ అందాయి. యోసెమిటీ లోయను ప్రజల కోసం కాపాడే చట్టం మీద 1864 జూన్ 30న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేశాడు. ఆ చట్టానికి అనుకూల వాతావరణం ఏర్పడటంలో వాట్కిన్స్ చిత్రాలకూ పాత్ర ఉందని చరిత్రకారులు భావిస్తారు. ఆకాశం లేకపోయినా ఆ చిత్రాలు కొండ గురించి నిజమే చెప్పాయి. అవి తీసిన రోజున అక్కడ ఎండ కాసిందో, మబ్బు పట్టిందో మాత్రం చెప్పలేకపోయాయి.

అతికించిన మేఘాలు

ఈ వెలితిని భరించలేనివారూ ఉన్నారు. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1850ల మధ్యలోనే సముద్రపు దృశ్యాల కోసం ఒక ఉపాయం పన్నాడు. నీటికి ఒక నెగటివ్, ఆకాశానికి మరో నెగటివ్ తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించేవాడు. పరుగెత్తే గుర్రం కాళ్ల కదలికను వరుస ఫొటోల్లో బంధించి తరువాత ప్రపంచప్రసిద్ధుడైన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ ఆ పద్ధతిని యోసెమిటీ కొండలకు తెచ్చాడు.

మైబ్రిడ్జ్ మొదట వెలుగునే అదుపు చేయాలని చూశాడు. కొండకు పూర్తి వెలుగు, ఆకాశానికి తక్కువ వెలుగు అందేలా కెమెరా ముందు అమర్చే ఒక అడ్డుతెరను తయారుచేసి, 1869లో దాని వివరాలు ప్రకటించాడు. అది సరిపోని చోట మేఘాలను విడిగా చిత్రించి, కొండ చిత్రాల పైభాగంలో ముద్రించాడు. 1872లో అతడు తీసిన యోసెమిటీ చిత్రాల్లో ఆకాశం నాటకీయంగా, నిండుగా కనిపిస్తుంది. కొనుగోలుదారులకు అవి నచ్చాయి.

అతని పక్షాన చెప్పవలసిన మాట ఒకటుంది. కంటికి కనిపించిన మేఘాన్ని ప్లేటు చూడలేకపోయినప్పుడు, ఆ లోటు పూడ్చాలని అనుకోవడంలో తప్పు లేదు. చిక్కు ఎక్కడంటే, ముద్రించిన ఆ మేఘం ఆ కొండ మీదిదే అన్న హామీ లేదు. ఒకచోట తీసిన మేఘాల నెగటివ్‌ను వేరే దృశ్యానికీ వాడుకోవచ్చు. చిత్రం నిండుగా కనిపిస్తుంది. అది ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు చెప్పే జవాబును మాత్రం నమ్మలేము.

ఎర్రగాజు చూపిన ఆకాశం

1906లో ఇంగ్లండులో అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ ప్లేట్లు అమ్మకానికి వచ్చాయి. వాటితో ఛాయాగ్రాహకుడి చేతికి ఆకాశాన్ని దిద్దుకునే వీలు బాగా పెరిగింది. ప్లేటు ఎరుపును కూడా చూడగలిగితే, కటకం ముందు రంగుగాజు పెట్టి ఏ రంగును లోపలికి రానివ్వాలో మనమే నిర్ణయించుకోవచ్చు.

1927 ఏప్రిల్ 10న, ఇరవై అయిదేళ్ల యువకుడు ఆన్సెల్ ఆడమ్స్ బరువైన కెమెరా, గాజు ప్లేట్లు మోసుకుంటూ, మిత్రులతో కలిసి మంచులో హాఫ్ డోమ్‌కు ఎదురుగా ఉన్న ఒక రాతి అంచుకు ఎక్కాడు. దారిలో కొన్ని ప్లేట్లు ఖర్చయ్యాయి. కొండగోడ మీదికి ఎండ ఏటవాలుగా పాకే వేళకు రెండే మిగిలాయి. మొదటి ప్లేటును పసుపు ఫిల్టరుతో తీశాడు. అది సాధారణమైన ఆకాశంతో సాధారణమైన చిత్రంగానే మిగులుతుందని అతనికి వెంటనే తోచింది. తన మనసుకు తగిలిన ఆ గోడ గాంభీర్యం అందులో ఉండదు. చివరి ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టరు తగిలించి, అయిదు సెకన్లపాటు వెలుగు పడనిచ్చాడు. ‘మోనోలిత్, ద ఫేస్ ఆఫ్ హాఫ్ డోమ్’ అనే చిత్రం అలా పుట్టింది. అందులో ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది. ఆ నలుపు మీద రాతిగోడ ఇంకా పెద్దదై నిలుస్తుంది.

ఇక్కడ ఒక భౌతిక సూత్రం పనిచేసింది. గాలిలోని అణువులు సూర్యకాంతిలోని నీలాన్ని ఎక్కువగానూ ఎరుపును తక్కువగానూ చెదరగొడతాయి. 1871లో లార్డ్ రేలీ దీన్ని గణితంతో వివరించాడు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, దుమ్మూ తేమా తగ్గుతాయి, ఆకాశపు నీలం ముదురుతుంది. ఎర్రగాజు ఆ నీలాన్ని లోపలికి రానివ్వదు కనుక నలుపు తెలుపు చిత్రంలో ఆకాశం చీకటిగా వస్తుంది. కొండగోడ మీది నీడలు కూడా మరింత నల్లబడతాయి. నీడకు సూర్యుడు కనిపించడు. దానికి వెలుగు పంచేది నీలాకాశమే. మంచు మీది నీడలు రంగుల ఫొటోల్లో నీలంగా కనిపించడానికి కారణం ఇదే. అంటే ఆకాశం చిత్రంలో పైభాగాన మాత్రమే ఉండదు. అది కొండ ఒంటినిండా పరచుకుని ఉంటుంది.

ఆ రోజు ఎవరికీ ఆకాశం నల్లగా కనిపించి ఉండదు. అలాంటప్పుడు ఆడమ్స్ చేసింది మాత్రం సరైనదెలా అవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. అతడు ఆ ఆకాశపు ఛాయను మార్చాడు, ఆకాశాన్ని మార్చలేదు. ఆ వేళ, ఆ గోడ, గోడ మీద ఆ నీడ, ఆ మంచు అన్నీ ఆ క్షణానివే. ఒకే సంగతిని ఒకరు మెల్లగా, మరొకరు గొంతెత్తి చెప్పినట్లే ఇది. గొంతు పెరిగినా సంగతి మారలేదు.

ఆడమ్స్‌ను కూడా ఈ కొలతతోనే కొలవాలి. 1944లో లోన్ పైన్ అనే ఊరి దగ్గర తీసిన ‘వింటర్ సన్‌రైజ్’ చిత్రం కోసం అతడు వరుసగా నాలుగు ఉదయాలు చలిలో కాచుకుని, అయిదో రోజున మబ్బుల సందు నుంచి జారిన వెలుగును పట్టుకున్నాడు. అంతటి ఓర్పు చూపినవాడే, అక్కడి బడిపిల్లలు కొండ మీద తెల్లరాళ్లతో పేర్చిన రెండు పెద్ద ఆంగ్ల అక్షరాలను చిత్రం నుంచి చెరిపేశాడు. దాన్ని తప్పుపట్టినవారున్నారు. వారి అభ్యంతరంలో బలముంది.

చంద్రుడు చెప్పిన తేదీ

నిజమైన ఆకాశం విలువ ఎంతటిదో ఆడమ్స్ చిత్రాలే మరో విధంగా రుజువు చేశాయి. న్యూ మెక్సికో రాష్ట్రంలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని అతడు చిత్రించాడు. ముందు చర్చి, సమాధుల తెల్లని శిలువలు, దూరాన మంచుకొండల వరుస, పైన చిత్రంలో సగానికి మించిన ఆకాశం, అందులో చంద్రుడు. ఇది అతని చిత్రాల్లో అత్యంత ప్రసిద్ధమైనది. కానీ తేదీ రాసిపెట్టుకోలేదు. 1940 నుంచి 1944 వరకు రకరకాల సంవత్సరాలు అచ్చయ్యాయి. దశాబ్దాలపాటు ముద్రణలో ఆకాశాన్ని మరింత నల్లగా చేస్తూ వచ్చాడు కూడా.

చంద్రుని స్థానం మాత్రం మారలేదు. చంద్రుడి ఎత్తు, దిక్కు, కళలను బట్టి ఖగోళ శాస్త్రజ్ఞులు వెనక్కి లెక్కగట్టారు. 1981లో డేవిడ్ ఎల్మోర్ ఒక తేదీ చెప్పగా, 1991లో డెనిస్ డి చికో ఆ లెక్కను సరిదిద్ది, అది 1941 నవంబరు 1 సాయంత్రమని తేల్చాడు. తీసినవాడు మరచిపోయిన తేదీని ఆకాశం గుర్తు పెట్టుకుంది.

హాఫ్ డోమ్ విషయంలోనూ ఇదే జరిగింది. ఆ శిఖరం పక్కన చంద్రుడు నిలిచిన ఆడమ్స్ చిత్రం ఒకటుంది. టెక్సాస్‌కు చెందిన ఆచార్యుడు డొనాల్డ్ ఓల్సన్ తన విద్యార్థులతో కలిసి చంద్రుని స్థానాన్నీ, గోడ మీది నీడలనూ లెక్కించి, అది 1960 డిసెంబరు 28 సాయంత్రం తీసినదని నిర్ధారించాడు. అదే లోయ అంచున గ్లేసియర్ పాయింట్ నుంచి తీసిన ‘ఆటమ్ మూన్’ చిత్రం 1948 సెప్టెంబరు 15 నాటిదని కూడా ఆయన బృందం కనుగొంది. చంద్రుడి కళలు 19 ఏళ్లకొకసారి దాదాపు అవే తేదీలకు తిరిగి వస్తాయి. మూడు పంతొమ్మిదులు 57. సరిగ్గా 57 ఏళ్ల తరువాత, 2005 సెప్టెంబరు 15 సాయంత్రం, అదే దృశ్యాన్ని చూడటానికి జనం అక్కడ గుమిగూడారు. చంద్రుడు అదే చోట కనిపించాడు.

నెలవంక కోసం పడమటి ఆకాశాన్ని వెదికే కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చంద్రుణ్ణి చూశానని చెప్పే మాట ఒక సాక్ష్యం. చెప్పినవాడు నమ్మదగినవాడైతేనే దానికి విలువ. ఆడమ్స్ ఆకాశంలోని చంద్రుడు అతికించినదే అయి ఉంటే, శాస్త్రజ్ఞుల లెక్కలన్నీ వృథా అయ్యేవి. అంతకంటే ఘోరంగా, అబద్ధపు తేదీని నిజమని నమ్మించేవి.

క్షణంలో మారే ఆకాశం

మైబ్రిడ్జ్‌కు చీకటి గదిలో గంటలు పట్టిన పని ఈనాడు క్షణాల్లో అయిపోతుంది. 2019 చివరలో లూమినార్ అనే సాఫ్ట్‌వేరు, 2020 అక్టోబరులో ఫొటోషాప్ ఆకాశాన్ని తమంతట తామే గుర్తించి మార్చే సౌకర్యాన్ని తెచ్చాయి. కొన్ని ఫోన్లలోని గ్యాలరీ యాప్‌లు కూడా ఆ పని చేస్తాయి. మధ్యాహ్నపు కొండ మీద సంధ్యారాగం పూయించవచ్చు, ఎండలో నక్షత్రాలు చల్లవచ్చు.

దీన్ని గుర్తించే మార్గాలు కొన్ని ఉన్నాయి. ఆకాశంలో సూర్యుడు ఎడమన ఉంటే కొండ మీది నీడలు కుడికి పడాలి. పడమర ఎర్రబడితే ఆ ఎరుపు రాతి మీదా నీటి మీదా ఎంతో కొంత కనిపించాలి. చెరువులోని ప్రతిబింబంలో పైనున్న మబ్బులే ఉండాలి. నెలవంక వెలుగు అంచు సూర్యుడున్న దిక్కుకే తిరిగి ఉండాలి, దాని చీకటి భాగంలో నక్షత్రం కనపడకూడదు. లోయ మొత్తం పట్టిన విశాలమైన దృశ్యంలో చంద్రుడు చాలా చిన్నగా ఉంటాడు. అక్కడ పళ్లెమంత చంద్రుడు కనిపిస్తే అనుమానించాలి. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తే మాత్రం కొండ పక్కన చంద్రుడు నిజంగానే పెద్దగా వస్తాడు.

ఫోన్ తనంతట తాను చేసే మరో పనిని దీనితో కలపకూడదు. ఆకాశానికీ నేలకూ వెలుగు తేడా ఎక్కువైనప్పుడు ఫోన్ వెంటవెంటనే కొన్ని ఫొటోలు తీసి, వాటిని కలిపి ఒక్కటిగా ఇస్తుంది. అక్కడ వెలుగును సమం చేస్తున్నదే తప్ప, ఆకాశం ఆ చోటిదే, ఆ క్షణానిదే.

అలంకారం కోసం గోడకు తగిలించే బొమ్మలో ఏ ఆకాశం ఉన్నా ఎవరికీ నష్టం లేదు. అలా చేశామని చెప్పేస్తే చాలు. చెప్పకుండా పంచినప్పుడే అది మోసమవుతుంది. ప్రపంచంలోని ప్రముఖ వార్తాచిత్రాల పోటీల్లో చిత్రంలో లేనిదాన్ని చేర్చినా, ఉన్నదాన్ని తీసివేసినా అనర్హులను చేస్తారు. కుటుంబపు ఆల్బమ్‌కు అలాంటి న్యాయనిర్ణేతలు ఉండరు. దాదీతో కలిసి చేసిన చివరి కొండ ప్రయాణాన్ని తలచుకోండి. ఆ రోజు మబ్బు పట్టి ఉండవచ్చు, ఆమె కొంగు కప్పుకుని చలికి ముడుచుకుని ఉండవచ్చు. ఆ ఆకాశాన్ని తీసేసి నారింజరంగు సంధ్యను పెడితే, ముఖం ఆమెదే అయినా, ఆ రోజు ఫొటోలో ఉండదు. ఆమె ఎందుకు ముడుచుకుని ఉందో మనవలకు అర్థం కాదు.

మన చేతిలోని కెమెరా

ఆకాశాన్ని మార్చవలసిన అవసరం రాకుండా చేసుకోవడం కష్టమేమీ కాదు.

ముందుగా, ఆకాశం ఏమైనా చెబుతోందా అని చూడాలి. మబ్బులు బాగుంటే చిత్రంలో మూడింట రెండు వంతులు దానికే ఇచ్చి, కొండను కింద ఉంచవచ్చు. ఆకాశం ఖాళీగా తెల్లగా ఉంటే పైన సన్నని పట్టీ మాత్రమే వదలాలి, లేదా పూర్తిగా తప్పించాలి. ఫోన్ తెరపై ఆకాశం ఉన్న చోట వేలితో తాకి, వెలుగును కొద్దిగా తగ్గిస్తే మబ్బుల ఆకారం నిలుస్తుంది. కొండ చీకటిగా వస్తే తరువాత కొంత తేరుకోవచ్చు. తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని తిరిగి తేలేము. మంచు నిండిన దృశ్యంలో దీనికి విరుద్ధం. కెమెరా మంచును బూడిదరంగుగా చూపుతుంది కనుక అక్కడ వెలుగును కాస్త పెంచాలి.

కటకానికి ముందు తగిలించి తిప్పే పోలరైజింగ్ ఫిల్టరు సూర్యునికి లంబదిశలో ఉన్న నీలాన్ని ముదురు చేస్తుంది. మరీ విశాలమైన లెన్సుతో వాడితే ఆకాశంలో ఒకచోట ముదురు, మరోచోట లేత మరకలు పడతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఓపిక. మబ్బు నీడ కొండవాలు మీద పాకే తీరును అయిదు నిమిషాలు గమనిస్తే, శిఖరం మీద వెలుగు, లోయలో నీడ పడే క్షణం దొరుకుతుంది. వాన వెలిశాక గాలిలోని దుమ్ము కడిగేసినట్లై దూరపు వరుసలు కూడా స్పష్టమవుతాయి. మన తూర్పు కనుమలు అంత ఎత్తైనవి కావు. వేసవిలో తేమా దుమ్మూ కలిసి పగటి ఆకాశాన్ని తెల్లబరుస్తాయి. కానీ పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద శీతకాలపు వేకువలో ఆకాశం మన పాదాల కిందికి దిగి వస్తుంది. రాత్రి చల్లబడిన గాలి లోయలో పేరుకుని, తేమ పొగమంచై, తొలికిరణాలకు మేఘాల సముద్రంలా మెరుస్తుంది. ఎండ ముదిరేలోగా కరిగిపోతుంది. చీకటితో లేచి కొండెక్కినవారికే అది దక్కుతుంది.

ఆ రోజు మేఘాలు రాకపోవచ్చు కూడా. అప్పుడు కనిపించిన ఆకాశాన్నే తీయండి. ఫొటో కింద ఊరి పేరు, తేదీ, వేళ రాయండి. రాయడం మరచిపోయినా, ఆకాశాన్ని ఉన్నదున్నట్లు ఉంచితే చాలు. ఏ వేళ తీశారో, ఎండ ఉందో లేదో, రేపు దాన్ని చూసేవారికి అదే చెబుతుంది.